పిలిస్తే పలకని పిల్లలు

రేడియో వింటున్నవారు అర నిమిషం పాటు ఒక చిన్న పని చేసి చూడవచ్చు. రెండు చూపుడువేళ్ళనూ రెండు చెవుల్లో గట్టిగా పెట్టుకుని ఈ మాటలు వినడమే ఆ పని. మాట బొత్తిగా వినపడకపోదు. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. ఆడగొంతో మగగొంతో తెలుస్తుంది. కానీ మాటల అంచులు అరిగిపోయి ఉంటాయి. చెవి ఒగ్గి వింటే సగం అర్థమవుతుంది, మిగతా సగం పోల్చుకోవాలి. కాసేపటికి విసుగు పుట్టి మనసు కిటికీలోంచి బయటికి పోతుంది.

ఇక వేళ్ళు తీసేయవచ్చు. అలా తీసేసుకునే వీలులేని పిల్లలు మన బడుల్లో కూర్చుని ఉన్నారు.

రెండో తరగతి గది. టీచరు డిక్టేషన్ చెబుతోంది: కప్పు, తప్పు, పప్పు. ఈ మూడు మాటల్లో గట్టిగా వినిపించే భాగం ఒక్కటే. తేడా అంతా మొదటి హల్లులో ఉంది. గొంతు వెనక ఒకటి, పళ్ళ దగ్గర ఒకటి, పెదవుల మీద ఒకటి తెగి, రెప్పపాటు కూడా నిలవకుండా పోయే సన్నని చప్పుడు అది. వెనక బల్ల మీది పిల్లాడి చెవికి మూడుసార్లూ ‘అప్పు’ అనే వినిపిస్తుంది. వాడు పక్కవాడి పలకలోకి తొంగిచూస్తాడు. కాపీ కొడుతున్నాడని దెబ్బ పడుతుంది. ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది’ అని టీచరు విసుక్కుంటుంది. ఆ సామెత ఈ పిల్లాడి విషయంలో చాలావరకు నిజమని ఆమెకు తెలియదు. తల్లికీ తెలియదు. పైగా ఇంట్లో వాడి మీద ఇంకో అభియోగం కూడా ఉంటుంది: ‘ఐస్‌క్రీం బండి గంట వీధి చివర మోగినా వినపడుతుంది గానీ, అన్నానికి పిలిస్తే వినపడదు.’ గంట చప్పుడు పెద్దది, అమ్మ పిలుపు చిన్నది. ఇందులో పిల్లాడి గడుసుతనం ఏమీ లేదు.

అలాంటి పిల్లల్లో చాలామందికి మధ్యచెవిలో నీరు చేరి ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని ‘గ్లూ ఇయర్’ అంటారు, అంటే జిగురు చెవి. పేరుకు తగ్గట్టే మొదట పలచగా ఉన్న నీరు వారాలు గడిచేకొద్దీ తుమ్మబంకలా చిక్కబడుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, చెవి కారదు. మోసమంతా అక్కడే ఉంది. చెవిపోటుతో అర్ధరాత్రి గుక్కపట్టి ఏడ్చే పిల్లాణ్ణి ఎవరైనా డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. నిశ్శబ్దంగా సగం చెవుడు వచ్చిన పిల్లాణ్ణి మాత్రం తిడతారు. వినికిడి తగ్గేది సాధారణంగా 25, 30 డెసిబెళ్ళ మేరకు. ఇందాక వేళ్ళు పెట్టుకున్నప్పుడు తగ్గింది కూడా ఇంచుమించు అంతే. పైగా ఈ లోపం రోజూ ఒకేలా ఉండదు. జలుబు ముదిరిన వారం ఎక్కువ, ఎండలు కాసి ముక్కు ఆరిన వారం తక్కువ. దాంతో ‘మొన్న బాగానే విన్నాడుగా’ అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. పదేళ్ళు నిండేలోగా నూటికి ఎనభై మంది పిల్లలకు ఒక్కసారైనా ఈ నీరు చేరుతుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. అందరినీ అది ఇబ్బంది పెట్టదు, అందరిలోనూ నిలవదు. నిలిచిపోయినవారిదే ఈ కథ.

చెవి సంగతి చెప్పడానికి ముందు ముక్కు దగ్గరికి వెళ్ళాలి.

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు తిరుగుతూ పైకెక్కుతుంటే, విశాఖపట్నం నుంచి అరకు వెళ్తుంటే చెవులు దిబ్బడ వేస్తాయి. గుటక వేసినా, ఆవులించినా ‘టప్’మని తెరుచుకుంటాయి. ఆ చప్పుడు చేసింది ఒక సన్నని గొట్టం. ముక్కు వెనకభాగం నుంచి మధ్యచెవి దాకా పోయే గాలిదారి అది. మామూలుగా మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడు అంగిలి కండరం లాగితే క్షణకాలం తెరుచుకుని, కర్ణభేరికి లోపలా బయటా గాలి ఒత్తిడిని సమానం చేస్తుంది. 16వ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రవేత్త బార్తలోమియో యూస్టేకి దీన్ని వివరంగా వర్ణించాడు. 1704లో చెవి మీద పెద్ద పుస్తకం రాసిన ఆంటోనియో వల్సాల్వా దానికి యూస్టేకి పేరే పెట్టాడు. ముక్కు గట్టిగా మూసుకుని చెవుల్లోకి గాలి ఊదే ఉపాయానికి ఈ వల్సాల్వా పేరే ఇవాళ్టికీ నిలిచింది. విమానం దిగేటప్పుడు పక్కసీటాయన కళ్ళు పెద్దవి చేసి, బుగ్గలు పూరించి చేసేది అదే.

పెద్దవాళ్ళలో ఈ నాళం మూడున్నర సెంటీమీటర్ల పొడవుతో, బాగా ఏటవాలుగా ఉంటుంది. చెవిలో ఊరిన తేమ దానంతటదే ముక్కు వెనక్కి జారిపోతుంది. పుట్టిన బిడ్డలో నాళం ఇందులో సగమే ఉంటుంది. అదీ దాదాపు అడ్డంగా, పడుకోబెట్టినట్టు ఉంటుంది. దాన్ని తెరిచే కండరాలకు బలం చాలదు. ముక్కులోని చీమిడి, సూక్ష్మజీవులు చెవిలోకి ఎక్కడం సులువు, చెవిలోని నీరు దిగడం కష్టం. ఏడేళ్ళ వయసుకు గానీ ఈ గొట్టానికి పెద్దవాళ్ళ వాలు రాదు. చిన్నపిల్లలకు చెవి జబ్బులు ఎందుకంత ఎక్కువ అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ కొలతల్లోనే ఉంది.

మిగతా సగం ఎడినాయిడ్స్. నోరు బాగా తెరిచి ‘ఆ’ అంటే గొంతుకు రెండు పక్కలా కనిపించేవి టాన్సిల్స్. వాటికి అన్నదమ్ముల వరసైన ఎడినాయిడ్ మాత్రం అలా కనిపించదు. కొండనాలుక వేలాడే మెత్తని అంగిలికి వెనక, ముక్కు దారి గొంతులోకి మలుపు తిరిగేచోట పైకప్పుకు అంటుకుని ఉంటుంది. సరిగ్గా దానికి ఇరుపక్కలా రెండు చెవుల నాళాల ద్వారాలు ఉంటాయి. ‘మా వాడికి ముక్కులో కండ పెరిగింది’ అని మన ఇళ్ళలో చెప్పుకునేది చాలాసార్లు దీన్నే. నిజానికి ముక్కు లోపల పెరిగే కండలు వేరు, ఇది వేరు. ఇది ఎక్కడి నుంచో వచ్చి పెరిగింది కాదు, ప్రతి బిడ్డకూ ఉండేదే. పీల్చే గాలితో వచ్చే సూక్ష్మజీవులను పట్టి, ఆనవాలు గుర్తుపెట్టుకునే కాపలా కణజాలం అది. రెండు మూడేళ్ళ నుంచి పెరిగి, మూడుకూ ఏడుకూ మధ్య బాగా ఉబ్బి, ఎనిమిది పదేళ్ళ నుంచి కుంచించుకుపోతూ, మీసాలు మొలిచే వయసుకు దాదాపు ఆనవాలు లేకుండా పోతుంది. చిక్కేమిటంటే అది బాగా ఉబ్బే వయసులోనే పిల్లల ముక్కు వెనక జాగా ఇరుకు. మాటిమాటికీ జలుబు చేసే పిల్లల్లో, అలర్జీ ఉన్నవాళ్ళలో ఇంకా పెరిగి దారి మూసేస్తుంది.

దారి మూసుకుంటే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరూ చూస్తూనే ఉంటారు. పిల్లాడు పగలూ రాత్రీ నోరు తెరుచుకునే ఉంటాడు. నిద్రలో తాతతో పోటీపడి గురక పెడతాడు. పొద్దున లేచేసరికి పెదాలు ఎండిపోయి ఉంటాయి. మాట మారుతుంది. మ, న అనే అక్షరాలు పలకాలంటే గాలి ముక్కులోంచి బయటికి రావాలి. వెనక ద్వారం మూసుకుంటే ‘అమ్మ’ కాస్తా ‘అబ్బ’ అవుతుంది, ‘నాన్న’ వచ్చి ‘దాద్ద’ దగ్గర ఆగుతుంది. ఇరుగుపొరుగు దీన్ని ‘ముక్కుతో మాట్లాడుతున్నాడు’ అంటారు. జరిగేది దానికి తలకిందులు: ముక్కుతో పలకాల్సినవి కూడా వాడు ముక్కుతో పలకలేకపోతున్నాడు.

అదే సమయంలో చెవిలో ఇంకో పని సాగుతుంది. ఉబ్బిన కండ నాళం మూతిని నొక్కుతుంది. అంతగా నొక్కకపోయినా సూక్ష్మజీవులకు అది స్థావరమై, నాళం లోపలి పొరను వాచేలా చేస్తుంది. మధ్యచెవిలో చిక్కుకున్న గాలిని చుట్టూ ఉన్న పొర కొద్దికొద్దిగా పీల్చేసుకుంటుంది. కొత్త గాలి రాదు. లోపల ఒత్తిడి తగ్గి కర్ణభేరి లోపలికి గుంజుకుంటుంది. పొరలోంచి నీరు ఊరుతుంది. సుత్తి, దాగలి, అంకవన్నె అని బడిలో బొమ్మ వేసి నేర్పే మూడు చిట్టి ఎముకలు గాలిలో ఊగాల్సినవి కాస్తా బంకలో కూరుకుపోతాయి. వినికిడి నరం చెక్కుచెదరకుండానే ఉంటుంది. చప్పుడు మాత్రం దాని దాకా పోదు.

ముక్కు వెనక కండకూ చెవుడుకూ ఉన్న ఈ చుట్టరికాన్ని పట్టుకున్నది ఒక డెన్మార్క్ డాక్టరు. విల్హెల్మ్ మేయర్ కోపెన్‌హేగన్‌లో ప్రాక్టీసు చేసేవాడు. 1860ల చివర్లో ఆయన దగ్గరికి ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకతె వచ్చింది. చెవులు సరిగా వినపడవు, మాట ముద్దగా, జీవం లేకుండా ఉంటుంది. ముందు నుంచి చూస్తే ముక్కులో ఏమీ లేదు, గొంతులోనూ ఏమీ లేదు. ఇవాళ్టి ఎండోస్కోపులు అప్పుడు లేవు. మేయర్ తన చూపుడువేలును ఆమె నోట్లోంచి అంగిలి వెనక్కి పోనిచ్చి పైకి వంచి తడిమాడు. ఖాళీగా ఉండాల్సిన చోట మెత్తని కండ నిండుగా తగిలింది. వేలికి అది వానపాముల ముద్దలా తగులుతుందని నేటికీ వైద్యపుస్తకాలు వర్ణిస్తాయి. ఆ కండను తీసేయడానికి మేయర్ ఉంగరం ఆకారంలో ఒక చిన్న కత్తి తయారు చేయించాడు. దాన్ని ముక్కులోంచి పంపి, నోట్లోంచి వేలితో దారి చూపుతూ గీకేసేవాడు. మత్తు లేకుండా అది ఎలా ఉండేదో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

1868లో ఆయన డేనిష్ భాషలో తన వ్యాసం అచ్చువేశాడు, 1870లో లండన్ వైద్య పత్రికలో ఇంగ్లీషులో వచ్చింది. అప్పటిదాకా ఇలాంటి పిల్లలను మందబుద్ధులని, సోమరులని రాసిపడేసిన ఐరోపా డాక్టర్లు ఒక్కసారిగా ముక్కుల వెనక చూడటం మొదలుపెట్టారు. మేయర్ అక్కడితో ఆగలేదు. ఈ జబ్బు ఎంత పాతదో తేల్చాలని ముసలితనంలో పాత చిత్తరువులను, శిల్పాలను వెతికి, సగం తెరిచిన నోళ్ళు ఉన్న ముఖాలను పోగుచేశాడు. రోగుల గదిలోంచి మ్యూజియంలోకి నడిచిన ఆ కుతూహలం ముచ్చటైనది. 1895లో ఆయన చనిపోయాడు. 1898లో కోపెన్‌హేగన్‌లో ఆయనకు స్మారకం వెలిసింది. అందుకు డబ్బు అనేక దేశాల నుంచి వచ్చింది.

ప్రాణాలు తీసిన చెవి కథలూ చరిత్రలో ఉన్నాయి. ఫ్రాన్స్ రాజు రెండో ఫ్రాన్సిస్ 1560 డిసెంబరులో చెవిలో చీముపట్టి, పదహారేళ్ళకే పోయాడు. ఆయన భార్య స్కాట్లండ్ రాణి మేరీ. ఒక కుర్రాడి చెవి రెండు రాజ్యాల తలరాత మార్చింది.

మేయర్ తర్వాత వచ్చిన తరం ఆయన కత్తిని పట్టుకుని మితం మరిచిపోయింది. ఎడినాయిడ్, టాన్సిల్స్ తీసేస్తే చదువు వస్తుందనీ, నడవడి బాగుపడుతుందనీ నమ్మకం పాకింది. న్యూయార్క్‌లో బడి పిల్లలను వరసగా పరీక్షించి, ఆపరేషన్‌కు తీసుకురమ్మని తల్లిదండ్రులకు చీటీలు పంపేవారు. పేద వలస కుటుంబాలకు డాక్టరు ఖర్చు ఎక్కడిది? డాక్టర్లు బడుల్లోనే ఆ పని కానిచ్చారు. 1906 జూన్‌లో లోయర్ ఈస్ట్ సైడ్ పేటలో ఓ పుకారు పుట్టింది. బడిలో పిల్లల గొంతులు కోస్తున్నారని. ఆ పేట యూదులది. రష్యా సామ్రాజ్యంలో ఊచకోతల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళది. అదే నెలలో అక్కడి బియాలిస్టాక్ పట్టణంలో యూదులను చంపిన వార్త అప్పుడప్పుడే చేరింది. తల్లులు బడుల మీదికి దండెత్తారు, రాళ్ళు రువ్వారు, తలుపులు బాదారు. పత్రికలు వాళ్ళ మూఢత్వాన్ని ఎగతాళి చేశాయి. నోట రక్తంతో ఇంటికొచ్చిన బిడ్డను చూసి, అర్థమయ్యే భాషలో ఎవరూ ఏమీ చెప్పనప్పుడు, ఆ తల్లులు ఇంకేం అనుకోవాలో పత్రికలు రాయలేదు.

అంతకన్నా ఆలోచింపజేసేది ఇంకోటి ఉంది. 1934లో అమెరికన్ చైల్డ్ హెల్త్ అసోసియేషన్ న్యూయార్క్ బడుల్లోని పదకొండేళ్ళ పిల్లలు 1,000 మందిని తీసుకుంది. వాళ్ళలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేశారు. మిగిలిన 389 మందిని డాక్టర్లకు చూపిస్తే 174 మందికి ఆపరేషన్ కావాలన్నారు. అక్కర్లేదన్న 215 మందిని వేరే డాక్టర్లకు చూపించారు. వాళ్ళు 99 మందికి కావాలన్నారు. ఇంకా మిగిలిన 116 మందిని మూడో జట్టుకు చూపిస్తే 51 మందికి కావాలన్నారు. అంటే ఎవరికి చూపించినా దాదాపు సగం మందికి కత్తి తప్పదన్నారు. చివరికి వెయ్యిమందిలో ఏ డాక్టరూ వేలెత్తి చూపనివాళ్ళు 65 మంది మిగిలారు. నాలుగో జట్టుకు చూపించలేదు కాబట్టి ఆ మాత్రమైనా మిగిలారేమో. ఈ లెక్కలు టాన్సిల్స్ గురించినవే అయినా, ఎడినాయిడ్‌కూ వర్తించే గుణపాఠం అందులో ఉంది. కండ కనబడటం వేరు, దానివల్ల బిడ్డకు హాని జరగడం వేరు.

ఇవాళ్టి వైద్యం ఈ పాఠం నేర్చుకుంది. చెవిలో నీరు ఉందని తేలితే మొదటి మందు మూడు నెలల నిరీక్షణ. ఎక్కువమంది పిల్లల్లో ఆలోగా నీరు తనంతట తానే పోతుంది. వేచి చూడటం అంటే ఏమీ చేయకపోవడం అనుకోకూడదు. మొదట్లో ఒకసారి, మూడు నెలలకు ఒకసారి వినికిడిని కొలవాలి. చెవిలో మెత్తని మూతి పెట్టి గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి కదలికను గీసే టింపనోమెట్రీ పరీక్ష ఉంది. నొప్పి లేనిది, నిమిషాల్లో అయిపోతుంది. మంచి చెవిలో ఆ గీత కొండ శిఖరంలా వస్తుంది, నీరు నిండిన చెవిలో చదునుగా బల్లపరుపుగా వస్తుంది. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు ఆడియోమెట్రీ ఆటలాగే ఉంటుంది. చప్పుడు వినపడగానే ఒక పూసను డబ్బాలో వేయమంటారు.

మందుల సంగతి చెబితే కొంత నిరాశ కలుగుతుంది. నొప్పి, జ్వరం లేని ఈ నీటికి యాంటీబయాటిక్‌లతో ఒరిగేది తక్కువ. జలుబు సిరప్‌లతో, అలర్జీ మాత్రలతో చెవిలో నీరు తొందరగా ఆరిపోదు. బ్రిటన్‌లో చేసిన పరీక్షల్లో స్టెరాయిడ్ మందు తాగించినా పెద్దగా తేడా కనిపించలేదు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఎడినాయిడ్ దిబ్బడను, అలర్జీ ముక్కును కొంత తగ్గించగలదు. అందుకని డాక్టర్లు అది రాస్తారు, రాయడంలో తప్పులేదు. చవకైన ఉపాయం ఒకటి మాత్రం కొంత పనిచేసింది. పిల్లలు ఒక ముక్కు రంధ్రం మూసుకుని, రెండో దానితో ఒక గొట్టం ద్వారా బుడగ ఊదడం. 2015లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 320 మంది పిల్లలు పాల్గొన్నారు. మూడు నెలలు రోజూ బుడగ ఊదినవారిలో నూటికి 50 మందికి, ఊదనివారిలో 38 మందికి చెవి మామూలైంది. వల్సాల్వా మూడు వందల ఏళ్ళ కిందటి ఉపాయమే ఇది. ఇప్పుడు దానికి రంగు రంగుల బుడగ తోడైంది.

మూడు నెలలు దాటినా రెండు చెవుల్లోనూ నీరు నిలిచి, వినికిడి తగ్గి, మాటో చదువో వెనకబడితే అప్పుడు ఆపరేషన్ మాట వస్తుంది. కర్ణభేరికి చిన్న గాటు పెట్టి నీరు పీల్చేసి, ఆ రంధ్రంలో గ్రోమెట్ అనే బుల్లి గొట్టం అమరుస్తారు. కర్ణభేరికి గాటు పెట్టడం కొత్తేమీ కాదు. 1801లోనే లండన్‌లో ఆస్ట్లీ కూపర్ ఆ పని చేసి పేరు తెచ్చుకున్నాడు. ఆ గాటు రోజుల్లోనే మూసుకుపోయేది. 1954లో అమెరికా డాక్టరు బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ అందులో ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టి ఆ చిక్కు విప్పాడు. ముక్కు నుంచి రావాల్సిన గాలి ఇప్పుడు బయటి నుంచి వస్తుంది. వెనక గుమ్మం బిగుసుకుపోతే కిటికీ తెరిచినట్టు.

మరి ఎడినాయిడ్ కూడా తీయాలా? బ్రిటన్‌లో మూడున్నర నుంచి ఏడేళ్ళ వయసున్న పిల్లలను మూడు జట్లుగా చేసి చూశారు. ఊరికే కనిపెట్టుకుని ఉన్న జట్టు ఒకటి, గ్రోమెట్ వేసిన జట్టు ఒకటి, గ్రోమెట్‌తోపాటు ఎడినాయిడ్ తీసిన జట్టు ఒకటి. 2012లో ఫలితాలు వచ్చాయి. గ్రోమెట్ వేసిన పిల్లలు మొదటి ఏడాది బాగా విన్నారు. రెండో ఏడాదికి వేయనివాళ్ళకూ వాళ్ళకూ తేడా చెరిగిపోయింది. ఎడినాయిడ్ కూడా తీసిన పిల్లల్లో ఆ మేలు రెండో ఏడాదీ నిలిచింది. అయితే మరీ పసిపిల్లల్లో, అంటే నాలుగేళ్ళ లోపు, చెవి కోసమే ఎడినాయిడ్ తీయడానికి డాక్టర్లు తొందరపడరు. ముక్కు పూర్తిగా మూసుకుపోతేనో, నిద్రలో ఊపిరి ఆగుతుంటేనో అది వేరే లెక్క.

నిద్రలో ఊపిరి ఆగడం గురించి ఒక మాట. గురక పెడుతున్న పిల్లాడు ఉన్నట్టుండి నిశ్శబ్దమై, ఛాతీ ఎగరేసి, కొన్ని క్షణాల తర్వాత ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి లాగుతుంటే తల్లిదండ్రులు ఫోనులో ఆ వీడియో తీసి డాక్టరుకు చూపించడం మంచిది. అలాంటి పిల్లలు పగలు కునుకు తీయకుండా పెద్ద అల్లరి చేయవచ్చు. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుకావచ్చు. ఈ లక్షణాలుంటే ఎడినాయిడ్ తీయడానికి చెవికన్నా బలమైన కారణం దొరికినట్టే.

ఆపరేషన్ పూర్తి మత్తులో నోట్లోంచే జరుగుతుంది. ముఖం మీద గాటు ఉండదు. చాలా ఆసుపత్రుల్లో అదే రోజో మర్నాడో ఇంటికి పంపేస్తారు. వారం పది రోజులు నోటి వాసన ఉంటుంది. మొదటి రోజు రక్తం పడటం మీద కన్నేసి ఉంచాలి. అంగిలి లోపల బయటికి కనిపించని చీలిక ఉందేమో డాక్టర్లు ముందే చూసుకుంటారు. ఉన్న పిల్లలకు ఎడినాయిడ్ పూర్తిగా తీసేస్తే, గుటక వేసినప్పుడు పాలు ముక్కులోంచి వచ్చే ప్రమాదం, మాట నిజంగానే ముక్కుతో వచ్చే ప్రమాదం ఉంటుంది. గ్రహణం మొర్రితోపాటు అంగిలి చీలిక ఉన్న పసివాళ్ళందరికీ దాదాపుగా చెవిలో నీరు చేరుతుంది. నాళాన్ని తెరిచే కండరం వాళ్ళలో సరిగా అతుక్కుని ఉండదు కనుక. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లోనూ ఇది చాలా ఎక్కువ. ఈ పిల్లలకు చెవి పరీక్షలు మొదటి నుంచే తప్పవు.

మన ఇళ్ళకు వస్తే, చెవి అనగానే గోరువెచ్చని నూనె గుర్తొస్తుంది. నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు కాచి రెండు చుక్కలు వేయడం, ఆకు పసరు పిండటం, తల్లిపాలు వేయడం. నీరు ఉన్నది కర్ణభేరికి అవతల, నూనె పడేది ఇవతల. గోడ అవతల మంట రేగితే ఇవతల నీళ్ళు చల్లినట్టు. కర్ణభేరికి ముందే చిల్లు ఉంటే ఆ నూనె లోపలికి పోయి చీము పట్టిస్తుంది, కాకపోతే బూజు పట్టిస్తుంది. బామ్మల మీద ఇక్కడ నిందేమీ లేదు. యాంటీబయాటిక్ పేరు కూడా ఎవరికీ తెలియని రోజుల్లో చెవిపోటుతో ఏడ్చే బిడ్డకు వెచ్చదనం తప్ప ఇంకేం ఇవ్వగలిగేవారు?

చెవిపోటు మాటకు వస్తే, జలుబు వచ్చిన రెండు మూడు రోజులకు జ్వరంతో అర్ధరాత్రి చెవి పట్టుకుని ఏడ్చి, తెల్లారేసరికి దిండు మీద చీము మరక కనిపించి, ఏడుపు ఆగిందంటే కర్ణభేరికి చిల్లుపడి ఒత్తిడి దిగిందన్నమాట. ఆ చిల్లు చాలాసార్లు తానే పూడుకుంటుంది. పూడుకోకుండా నెలల తరబడి చెవి కారితే అది వేరే జబ్బు. ప్రపంచంలో ఈ చెవి కారే జబ్బు ఎక్కువగా ఉన్న దేశాల్లో భారతదేశం ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004 నివేదికలో లెక్కగట్టింది. ‘చిన్నప్పటి నుంచీ ఉన్నదే’ అని వదిలేసిన చెవిలోంచి దుర్వాసన చీము వస్తుంటే ఎముకను తినేసే కొలెస్టియటోమా ఉండవచ్చు. ముఖం వంకర పోవడం, మెదడుకు చీము పాకడం దాని తదుపరి మజిలీలు. రెండో ఫ్రాన్సిస్‌కు అయిన గతి ఇప్పటికీ అసాధ్యం కాదు.

నివారణలో కొన్ని మన చేతిలో ఉన్నవే. చంటిబిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పాలసీసా నోట్లో పెడితే, ఆ అడ్డం గొట్టంలోకి పాలు ఎక్కడం ఎంత తేలికో ఇందాకటి కొలతలే చెబుతాయి. తలవైపు ఎత్తుగా పట్టాలి, తల్లిపాలు అయితే మరీ మేలు. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ పిల్లల చెవికి హాని అన్నది బాగా రుజువైన సంగతి. కట్టెల పొయ్యి పొగ కూడా మంచిది కాదు. చెవిపోటు తెచ్చే సూక్ష్మజీవుల్లో ముఖ్యమైన న్యూమోకాకస్‌కు టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ టీకాల్లో చేరి, 2021 నుంచి దేశమంతటా ఉచితంగా దొరుకుతోంది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వేస్తారు. అది ముఖ్యంగా న్యుమోనియా కోసం పెట్టినదే అయినా చెవికీ కొంత కాపుదల.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. వాళ్ళు చూడాల్సిన జబ్బుల జాబితాలో మధ్యచెవి వ్యాధి, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. ఆ రోజు ‘వీడు పిలిస్తే పలకడండీ’ అని టీచరు ఒక్క మాట చెబితే పని సగం అయినట్టే. ఇంట్లోనూ ఒక పరీక్ష చేయవచ్చు. పిల్లాడు బొమ్మలతో ఆడుకుంటుండగా రెండు మూడడుగుల వెనక నిలబడి, పెదాలు కనబడకుండా, గుసగుసగా ‘పలక ఇవ్వు’, ‘బంతి తే’ అని చెప్పి చూడటం. ముందుకు వచ్చి ముఖం చూపిస్తే అందుకునేవాడు, వెనక నుంచి అంటే అందుకోకపోతే డాక్టరుకు చూపించే కారణం దొరికినట్టే. ఈలోగా మొదటి బల్ల మీద కూర్చోబెట్టడం, ముఖంలోకి చూస్తూ మాట్లాడటం, ఫ్యాను చప్పుడు కింద పాఠం చెప్పకపోవడం. వీటికి చీటీ రాసే డాక్టరు అవసరం లేదు.

గ్రోమెట్ వేయించుకుని ఇంటికొచ్చిన పిల్లలు కొందరు మొదటి రోజుల్లో చిరాకు పడతారు. కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకుంటారు, టీవీ సౌండు తగ్గించమని గోల చేస్తారు. నిన్నటిదాకా పెంచమని గోల చేసిన పిల్లలే. ఆ గొట్టం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆరు నెలలకో ఏడాదికో కర్ణభేరి దాన్ని తనంతట తానే బయటికి నెట్టేస్తుంది. గులిమితో పాటు జారి, ఏదో ఒక పొద్దున దిండు గలీబు మీద పడి ఉంటుంది. దుప్పట్లు దులిపేటప్పుడు అదేమిటో తెలియక చాలామంది తల్లులు ఊడ్చి పారేస్తారు.